నా తప్పుల చిట్టా 23 దగ్గరికొచ్చింది

నిద్రపట్టనోడు | రాత్రి 1:52

ఐదు నెలల కిందట ఉద్యోగం పోయింది. తొమ్మిదేళ్ళు ఒకే చోట చేశాను. ఆ చివరి కాల్ పదకొండు నిమిషాలు. అవతలి మనిషి కాగితం చూసి చదువుతోందని గొంతు వింటేనే తెలిసిపోయింది. మా విభాగంలో అదే రోజు నలభై ఒక్కమందిని తీసేశారని తర్వాత విన్నాను.

ఉద్యోగం వెతకడం ఎలా అని అడగట్లేదు, వెతుకుతూనే ఉన్నాను. రాత్రిళ్ళు ఒక పని చేస్తున్నాను, అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఒక పాత నోటుబుక్‌లో 'నేను చేసిన తప్పులు' అని పైన రాసి, కింద నంబర్లు వేసుకుంటూ వస్తున్నాను. ఇవాళ్టికి 23 అయ్యాయి. 4: రెండేళ్ళ కిందట వేరే కంపెనీ పిలిస్తే వెళ్ళకపోవడం. 9: కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటానని మొదలుపెట్టి సగంలో వదిలేయడం. 14: మీటింగ్‌లో మేనేజర్ లెక్క తప్పని అందరి ముందూ అనేయడం. 19 రాసేటప్పుడు కాసేపు చెయ్యి ఆగింది, అయినా రాశాను: నేను మొదటినుంచీ అంత పనికొచ్చేవాణ్ణి కాదు, ఇన్నాళ్ళూ ఎవరూ కనిపెట్టలేదు, అంతే.

నలభై ఒక్కమంది పోయారని తెలుసు. మార్కెట్ బాగోలేదని తెలుసు. తెలిసినా చిట్టా ఆగట్లేదు. ఎందుకంటారు? ఇలా ఇంకెవరికైనా అయిందా?


పడవ | రాత్రి 2:04

24: రాత్రి రెండింటికి నోటుబుక్ తెరవడం. పడుకోండి సార్. పొద్దున్న మాట్లాడుకుందాం.


పాత పంతులు | ఉదయం 6:10

నాయనా, ముప్ఫై ఏళ్ళు సోషియాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. కొంచెం పాఠంలా ఉంటే ఓర్చుకో.

లక్షమంది ఉన్న ఊళ్ళో ఒక్కడికే పని లేదనుకో. అప్పుడు ఆ ఒక్కడి స్వభావం ఏమిటి, పనితనం ఏమిటి అని చూడటం సబబే. ఐదు కోట్లమంది పనిచేసే దేశంలో కోటిన్నర మందికి పని లేదనుకో. కోటిన్నర మందీ ఒక్కసారే బద్ధకస్తులైపోయారా? ఈ లెక్క నాది కాదు. సి. రైట్ మిల్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1959లో చెప్పాడు. మొదటిది సొంత కష్టం, రెండోది అందరి సమస్య, రెండోదానికి జవాబు ఏ ఒక్కడి గుణగణాల్లోనూ వెతక్కూడదు అన్నాడు. ఆయన మాటలు చదివినవాళ్ళలో చాలామందికి ఇది కళ్ళారా చూసిన సంగతే. 1933లో అమెరికాలో పనిచేసేవాళ్ళలో దాదాపు నలుగురికొకరు ఖాళీగా ఉన్నారు.

కానీ నువ్వడిగింది ఇది కాదు. లెక్క నీకు ముందే తెలుసు. తెలిసినా చిట్టా ఎందుకు ఆగదని కదా. అప్పుడు నాకు మరియెంటాల్ గుర్తొస్తుంది. వియన్నాకు దగ్గర్లో చిన్న ఊరు, 478 కుటుంబాలు. బతుకంతా ఒక్క బట్టల మిల్లు మీదే. 1929-30లో ఆ మిల్లు మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైసెల్ అనే ముగ్గురు పరిశోధకులు ఆ ఊరిని దగ్గరగా చూసి 1933లో తమ అధ్యయనం బయటపెట్టారు. ఊరంతటికీ ఒకే దెబ్బ. మిల్లు మూసింది మీరు కాదని ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. చేతినిండా ఖాళీ సమయం. లైబ్రరీలో పుస్తకాలకు అంతకుముందు తీసుకునే రుసుము కూడా ఎత్తేశారు. అయినా రెండేళ్ళలో జనం పుస్తకాలు తీసుకెళ్ళడం దాదాపు సగానికి పడిపోయింది. పరిశోధకులు చాటుగా నిలబడి, వీధిలో జనం ఎంత వేగంగా నడుస్తున్నారో వాచీ పెట్టి చూశారు. మగవాళ్ళు మెల్లగా నడుస్తున్నారు, మాటిమాటికీ ఆగుతున్నారు. ఆడవాళ్ళకు ఆగే తీరిక లేదు, ఇంటి పనికి లాకౌట్ ఉండదు కదా.

కారణం ఊరందరిదీ అయినా దెబ్బ ఎవరి కాళ్ళలో వాళ్ళకే దిగుతుంది. బుర్రకు తెలిసింది కాళ్ళకు చేరడానికి టైమ్ పడుతుంది.

ఒక్కటి అడుగుతాను. నీతోపాటు ఉద్యోగం పోయిన మిగతావాళ్ళలో ఎవరితోనైనా మాట్లాడావా?


నిద్రపట్టనోడు | ఉదయం 9:35

లేదు మాస్టారూ. మా వాళ్ళది ఒక గ్రూప్ ఉంది. వారం తిరక్కుండానే మ్యూట్‌లో పెట్టాను. అందులో ముగ్గురికి మళ్ళీ ఉద్యోగాలొచ్చాయని చూసిన రోజు గ్రూప్‌లోంచే బయటికొచ్చేశాను. చిట్టాలో అది 21.


ముక్కుసూటి | ఉదయం 10:20

కోప్పడతారని తెలిసే రాస్తున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది ఈ వరస. ఇరవై ఏళ్ళుగా సొంత వ్యాపారం నడుపుతున్నాను. రెండుసార్లు మునిగాను. రెండుసార్లూ నా తప్పేమిటో చూసుకున్నాను కాబట్టే లేచాను. కాలం బాగోలేదు, లోకం ఇంతే అని కూర్చుంటే ఇప్పటికీ మునిగే ఉండేవాణ్ణి.

9వ నంబర్ తీసుకోండి. సాఫ్ట్‌వేర్ సగంలో వదిలేశారు. దాన్ని సమాజం వదిలేయించిందా? పంతులుగారి మీద గౌరవం ఉంది, కానీ మనిషికి 'నీ తప్పేం లేదు' అని చెప్పడం తియ్యటి మందు. ఆ పూటకు బాగుంటుంది. రేపు పొద్దున అతను ఏం చెయ్యాలో అది చెప్పదు.


రెండోషిఫ్టు | మధ్యాహ్నం 12:48

ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓటిది అయ్యుంటుంది సార్. కొట్టేవాడికి ఆ సంగతి తెలియకపోతే చేతులు వాచేదాకా వాయిస్తూనే ఉంటాడు. నేను వాయించాను, మూడేళ్ళు.

పాప పుట్టాక మళ్ళీ ఉద్యోగంలో చేరాను. అన్నీ ఆలస్యం, అన్నీ అరకొర. ఆఫీసులో నేను ఐదున్నరకు లేస్తుంటే చుట్టూ చూపులు. ఇంటికొస్తే అక్కడ రెండో షిఫ్టు మొదలు. నాకు టైమ్ మేనేజ్‌మెంట్ రాదని ఖాయం చేసుకున్నాను. మూడు ప్లానర్లు కొన్నాను. రంగురంగుల పెన్నులు. ఫోన్‌లో అలారాలు పద్నాలుగు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం మొదలుపెట్టాను. నెలకల్లా ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర కళ్ళు మూతలు పడే స్థితికొచ్చాను.

మా ఆఫీసులోనే ఇంకొకావిడ ఉండేది. చాలా నేర్పుగా నడుపుకొస్తోందని నేను అసూయపడేదాన్ని. ఒకరోజు పార్కింగ్‌లో కారులో కూర్చుని ఏడుస్తూ కనబడింది. పక్క సీట్లో కూర్చున్నాను. తనూ నన్ను చూసి అలాగే అనుకునేదట! ఒక పాత బిల్లు వెనకాల ఇద్దరం రోజుకు మా పనుల గంటలు కూడాం. నిద్రకు ఆరు గంటలే వేసుకున్నాం. నాకు 27 వచ్చింది. తనకు 26న్నర. ఇద్దరికీ నవ్వాగలేదు. 27 గంటల పనిని 24లో పట్టించలేకపోవడాన్ని నేను మూడేళ్ళుగా నా చేతకానితనం అనుకుంటున్నాను మరి.

ఆ కాగితం సమస్యను తీర్చలేదు. కానీ ఆ రోజు తర్వాత ఇంకో ప్లానర్ కొనలేదు. ఇంట్లో ఆయన ముందు ఆ కాగితం పెట్టాను. ఆఫీసులో ఇద్దరం కలిసి వెళ్ళి పని వేళల గురించి అడిగాం. అడిగిన దాంట్లో సగమే వచ్చింది. ముక్కుసూటిగారూ, 'రేపు పొద్దున ఏం చెయ్యాలి' అన్నారు కదా. తప్పు నాలోనే ఉందనుకున్నంతకాలం నాకు తోచిన పని ప్లానర్ కొనడమే.


పాత పంతులు | మధ్యాహ్నం 1:15

అమ్మా, ఆ పార్కింగ్ కారుకు ఒక చరిత్ర ఉంది. 1960ల చివర్లో అమెరికాలో ఆడవాళ్ళు చిన్నచిన్న గుంపులుగా కూర్చుని ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకునేవారు. ఇదేం ఉద్యమం, ఇది థెరపీ అని బయటివాళ్ళు ఎగతాళి చేశారు. దానికి జవాబుగా కెరల్ హానిష్ అనే ఉద్యమకారిణి 1969లో ఒక వ్యాసం రాసింది. మేం ఇక్కడ కూర్చుని కనిపెట్టిన మొదటి విషయాల్లో ఒకటి, సొంత సమస్యలనుకున్నవి రాజకీయ సమస్యలని, అంది. 'వ్యక్తిగతమే రాజకీయం' అన్న శీర్షిక అలా లోకంలోకి వచ్చింది. ఇప్పుడా మాటను అందరూ అన్నిటికీ వాడేస్తున్నారు. మొదట మాత్రం అది నలుగురు కూర్చుని లెక్కలు సరిచూసుకోవడమే.


తెరవెనక | సాయంత్రం 7:30

చాలాసేపు ఆలోచించి రాస్తున్నాను. నేను కూర్చునేది అవతలి వైపు. మనుషుల్ని తీసుకోవడం, తీసెయ్యడం నా పని. ఏ కంపెనీ అన్నది వదిలేయండి.

తీసేసే జాబితా ఎలా తయారవుతుందో చెబుతాను. ముందు అంకె వస్తుంది. ఖర్చు ఇంత తగ్గాలి, అంటే ఇంతమంది. ఆ అంకె వేసినవాళ్ళకు మీరెవరో తెలియదు, మీ మొహం ఎన్నడూ చూసి ఉండరు. తర్వాత ఎక్సెల్ షీట్ వస్తుంది. ఏ ప్రాజెక్టు ఆపేస్తున్నారు, ఆ ప్రాజెక్టు ఖర్చు కింద ఎవరి జీతం పడుతోంది, ఎవరిది ఎంత. ఆ గళ్ళు నింపేది మేం. ఒకసారి ఒకతని పేరు ఎక్కడానికి కారణం, ఆరు నెలల ముందు ఎవరో అతన్ని కాగితాల మీద వేరే ప్రాజెక్టుకు మార్చి, మళ్ళీ వెనక్కి మార్చడం మర్చిపోవడం. అతనికి ఆ సంగతి ఈ రోజుకీ తెలియదు. బహుశా అతని దగ్గరా ఒక నోటుబుక్ ఉంటుంది.

అబద్ధం చెప్పను. అన్నీ సమానంగా ఉన్నప్పుడు ఇద్దరిలో ఒకరిని మిగల్చాలంటే, మేనేజర్‌కి ఎవరంటే గిట్టదో అది పనిచేస్తుంది. 14వ నంబర్ అక్కడ అరంగుళం లెక్కకు వచ్చిందేమో. కానీ నలభై ఒకటి అన్న అంకె ఆ మీటింగ్‌లో పుట్టలేదు.

కొత్తవాళ్ళను తీసుకునే దగ్గర ఇంకా ఘోరం. మొన్నొక పోస్టుకు ఆరువందలకు పైగా అప్లికేషన్లొచ్చాయి. మొదటి ఎనభై తెరిచాం. ఇంతలో ఆ పోస్టుకు లోపలి మనిషినే తీసుకుంటున్నామని చెప్పారు. మిగతా ఐదువందల ఇరవైమందికీ 'మీ అర్హతలను జాగ్రత్తగా పరిశీలించాం' అని మెయిల్ వెళ్ళింది. ఆ వాక్యం నేను రాసిందే. ఎవరో రాత్రి రెండింటికి దాన్ని తిరగేసి మరగేసి చదువుకుంటారని అప్పుడు తట్టలేదు.


ముక్కుసూటి | సాయంత్రం 7:52

సరే, అంకె ముందే వచ్చిందంటే కాదనను. కానీ ఆ అంకెలో నా పేరు పడకుండా చూసుకోవడం కొంతైనా నా చేతిలో ఉండదా?


తెరవెనక | రాత్రి 8:01

ఉంటుంది సార్, కొంత. మీరు తప్పించుకుంటే ఆ గడిలో మీ పక్కవాడి పేరు పడుతుంది. అంకె మాత్రం మారదు.


పాత పంతులు | రాత్రి 8:40

తెరవెనక గారి మెయిల్ సంగతి చూస్తే ఒక పరిశోధన చెప్పాలనిపిస్తోంది. ఓఫెర్ షరోన్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోనూ ఇజ్రాయెల్‌లోనూ ఉద్యోగం పోయిన ఆఫీసు ఉద్యోగుల్ని కలిసి మాట్లాడాడు. 2013లో పుస్తకంగా వచ్చింది. రెండుచోట్లా చదువుకున్నవాళ్ళే, రెండుచోట్లా నెలల తరబడి ఖాళీ. కానీ అమెరికావాళ్ళు 'నాలో ఏదో లోపం ఉంది' అంటున్నారు. ఇజ్రాయెల్‌వాళ్ళు 'ఈ పద్ధతే చెత్త' అని తిడుతున్నారు.

తేడా స్వభావంలో లేదు, ఆట ఎలా ఆడిస్తారన్న దాంట్లో ఉంది అంటాడాయన. అమెరికాలో ఇంటర్వ్యూ అంటే కెమిస్ట్రీ కుదరాలి, నీ ఉత్సాహం కనబడాలి, నీ కథ నువ్వు చక్కగా చెప్పుకోవాలి. అక్కడ కుదరలేదంటే కుదరనిది 'నువ్వే'. ఇజ్రాయెల్‌లో ఆ రోజుల్లో చాలా ఉద్యోగాలకు అర్హతల పట్టిక, పరీక్షలు, జల్లెడ పట్టే మధ్యవర్తి సంస్థలు. అక్కడ తప్పితే తప్పింది ఒక గడి. కోపం వస్తుంది, నిరాశ వస్తుంది, మనిషి మాత్రం తనలోకి తాను ముడుచుకోడు.

అంటే నాయనా, నీ 19 నువ్వొక్కడివే రాసింది కాదు. తిలా పాపం తలా పిడికెడు.


పడవ | రాత్రి 8:44

'మా కల్చర్‌కి సరిపోరు' అని నాకు ఒకసారి చెప్పారు. ఇంటికెళ్ళి అద్దంలో చాలాసేపు చూసుకున్నాను, ఎక్కడ సరిపోలేదో అని.


కొత్తచిగురు | రాత్రి 9:26

నేను 2020లో డిగ్రీ పూర్తిచేశాను. ఇంకేం చెప్పక్కర్లేదేమో!

ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద పని గంటల్లో 8.8 శాతం పోయాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కగట్టింది. అది 25.5 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానమట. నాకు వస్తానన్న ఆఫర్ వాయిదా పడింది, తర్వాత రద్దయింది, తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు. ఏడాదిన్నర ఖాళీ. చివరికి చదివిన దానికి సంబంధం లేని పనిలో తక్కువ జీతానికి చేరాను.

నాకంటే రెండేళ్ళు చిన్నది మా బాబాయి కూతురు. అదే కోర్సు, మార్కులు నాకంటే తక్కువ. 2022లో మూడు ఆఫర్లు. ఇంట్లో అందరూ 'దానికి చురుకెక్కువ' అంటారు. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడని సామెత చెప్పేదీ వాళ్ళే, దాన్ని చురుకుదనం ఖాతాలో రాసేదీ వాళ్ళే. నాకు దానిమీద కోపం లేదు. పాపం అదీ అలాగే నమ్ముతోంది, రేపు దాని టైమ్ తిరగబడితే అప్పుడు తెలుస్తుంది.

ఒక లెక్క మాత్రం నాకు కొంచెం ఊపిరి ఇచ్చింది. కెనడాలో కాలేజీ పూర్తిచేసిన వాళ్ళ సంపాదనలను ఏళ్ళ తరబడి వెంబడించి చూసిన ఒక పరిశోధన 2012లో వచ్చింది. ఓరియోపౌలోస్ అనే ఆర్థికవేత్త, ఇంకో ఇద్దరు చేశారు. మాంద్యంలో బయటికొచ్చిన వాళ్ళకు మొదట్లో సుమారు 9 శాతం తక్కువ సంపాదన, ఐదేళ్ళకు ఆ తేడా సగమవుతుంది, పూర్తిగా చెరిగిపోవడానికి పదేళ్ళు పడుతుంది. పదేళ్ళు అంటే మొదట భయమేసింది. తర్వాత అనిపించింది, ఇంకా ఎందుకు కుదురుకోలేదే అని నన్ను నేను పొడుచుకుంటున్నది నాలుగో ఏడాదికే కదా అని.


రెండోషిఫ్టు | రాత్రి 9:40

చెల్లీ, ఆ లెక్క ప్రింట్ తీసి ఇంట్లో గోడకు అంటించు.


ముక్కుసూటి | రాత్రి 10:15

ఇందాకట్నుంచి ఒకటి ఆలోచిస్తున్నాను, చెప్పేస్తే పోతుంది. నా మొదటి లోన్ బ్యాంకువాళ్ళే పిలిచి ఇచ్చిన రోజుల్లో తీసుకున్నది. రెండోసారి లేచింది కూడా నా గొప్పే కాదు, నా పోటీదారు నాకంటే ముందు మూతపడ్డాడు. అతను నాకంటే తెలివైనవాడు. ఇది ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

అయినా నా మాట మీద నేనున్నాను. కాలం బాగున్నా కష్టపడకపోతే ఆ లోన్ తిని కూర్చునేవాణ్ణి.


పాత పంతులు | రాత్రి 10:31

కూర్చునేవారు కాదులెండి, మీ మాటతీరు చూస్తేనే తెలుస్తోంది. 'మెరిటోక్రసీ', అంటే ప్రతిభను బట్టే పైకి రావడం, అని ఇప్పుడు గొప్పగా వాడే మాట ఉంది చూశారా, 1958లో మైకేల్ యంగ్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త దాన్ని వెక్కిరింపుగా వాడి ప్రచారంలోకి తెచ్చాడు. పైకొచ్చినవాళ్ళు అంతా తమ ప్రతిభే అనుకుంటారు, కిందున్నవాళ్ళకు తిట్టుకోవడానికి తాము తప్ప ఎవరూ మిగలరు అని ఆయన బాధ. జనం వెక్కిరింపును వదిలేసి మాటను ఉంచుకున్నారు.


వినేచెవి | రాత్రి 11:05

కౌన్సెలింగ్ నా వృత్తి. చిట్టా ఎందుకు ఆగదన్న ప్రశ్న ఇంకా అలాగే ఉండిపోయింది, దాని గురించి నాకు తెలిసింది చెబుతాను.

తప్పు నాదే అనుకోవడంలో ఒక ఆశ దాక్కుని ఉంటుంది. నాదైతే సరిదిద్దుకోవచ్చు, ఈసారి అలా జరగకుండా చూసుకోవచ్చు. ఎక్కడో వేసిన అంకె వల్ల నా బతుకు తలకిందులైందని ఒప్పుకుంటే, రేపు మళ్ళీ ఇంకో అంకె వేస్తారు, నేనేం చెయ్యలేను. ఆ రెండో భయం కంటే మొదటి సిగ్గే నయమనిపిస్తుంది. అందుకే రాత్రిపూట మనసు చిట్టాకే ఓటేస్తుంది.

చూసేవాళ్ళదీ ఇదే అవస్థ. 1966లో మెల్విన్ లెర్నర్, కెరొలిన్ సిమన్స్ అనే మనస్తత్వవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒకామెకు కరెంటు షాకులు ఇస్తున్నట్టు కొంతమందికి చూపించారు, అది నటన అని వాళ్ళకు తెలియదు. ఆమె బాధను ఆపే వీలున్నవాళ్ళు ఆపారు. ఆపే వీలు లేక చూస్తూ కూర్చోవలసి వచ్చినవాళ్ళు, ఆమెనే తక్కువ చేసి మాట్లాడారు. చేసుకున్నవారికి చేసుకున్నంత అంటాం కదా. అలా అనుకుంటే లోకం ఒక పద్ధతిలో ఉన్నట్టు ధైర్యం. మీకు ఉద్యోగం పోగానే 'అసలేం చేశావు?' అని అడిగిన చుట్టాలందరూ చెడ్డవాళ్ళు కారు. తమకు అలా జరగదని మీ నోటితో చెప్పించుకోవాలని వాళ్ళ ఆత్రం.

ముక్కుసూటిగారి మాటలోనూ నిజం ఉంది, దాన్ని వదిలెయ్యకూడదు. 1979లో రోనీ జానాఫ్-బుల్మన్ అనే మనస్తత్వవేత్త, తనను తాను తప్పుపట్టుకోవడం రెండు రకాలని చూపించింది. చేసిన పనిని తప్పుపట్టుకోవడం ఒకటి, తన స్వభావాన్నే తప్పుపట్టుకోవడం ఒకటి. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళనూ లేనివాళ్ళనూ పోల్చి చూస్తే, పనిని తప్పుపట్టుకోవడంలో ఇద్దరికీ తేడా కనబడలేదు. స్వభావాన్ని తప్పుపట్టుకోవడం దగ్గర తేడా కనబడింది. 9 మొదటి రకం, 19 రెండో రకం. ఒకే నోటుబుక్‌లో ఒకే వరసలో ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

ఇంకోమాట. నెలల తరబడి నిద్ర లేకపోతే, బతకడం దేనికి అన్న ఆలోచన వస్తుంటే, ఇక్కడ రాయడంతో సరిపెట్టుకోకండి. డాక్టర్ని కలవండి. అదీ చిట్టాలో ఇంకో నంబర్‌గా ఎక్కించకుండా కలవండి.


నిద్రపట్టనోడు | మర్నాడు మధ్యాహ్నం 3:20

ముందు చివరి మాటకు జవాబు. అలాంటి ఆలోచనలు లేవు, నిద్ర సంగతికి మాత్రం ఎల్లుండి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

పగలు, కిటికీ దగ్గర కూర్చుని నోటుబుక్ తెరిచాను. పగలు తెరవడం ఇదే మొదటిసారి. రాత దరిద్రంగా ఉంది. నిజంగా నేను చేసినవి, అప్పుడే వేరేలా చేసి ఉండగలిగినవి ఎనిమిది తేలాయి. నాలుగు నేను ఎలాంటివాణ్ణో అన్నవి, 19 అందులోదే. మిగతా పదకొండు వింతగా ఉన్నాయి. అవి తప్పులే కావు, ఇప్పుడు తెలిసినవి అప్పుడు తెలియకపోవడం.

4 చూడండి. వెళ్ళలేదని ఐదు నెలలుగా తిట్టుకుంటున్న ఆ కంపెనీ, పోయినేడాది ఆ విభాగాన్నే ఎత్తేసింది. ఆ వార్త నేను అప్పుడే చదివాను. చదివి కూడా 4ని చిట్టాలో ఉంచాను. వెళ్ళి ఉంటే 'ఉన్నచోట ఉండక వెళ్ళడం' అని రాసుకునేవాణ్ణి.


ముక్కుసూటి | మధ్యాహ్నం 3:41

9 ఆ ఎనిమిదిలో ఉందా?


నిద్రపట్టనోడు | మధ్యాహ్నం 3:50

ఉంది సార్. పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టాను, ఏడో పాఠం నుంచి. కానీ ఒకటి. మా టీంలో ఆ సాఫ్ట్‌వేర్ కొట్టినపిండి అయినవాడు ఒకడున్నాడు. మా అందరికీ వాడే నేర్పాలని అనుకున్నాం. నలభై ఒక్కమందిలో వాడూ ఉన్నాడు.


ముక్కుసూటి | మధ్యాహ్నం 3:58

ఊఁ.


నిద్రపట్టనోడు | నాలుగు రోజుల తర్వాత, రాత్రి 9:50

మాస్టారూ, మీరడిగిన పని చేశాను. గ్రూప్‌లోకి మళ్ళీ చేర్చమని అడగడానికి రెండు రోజులు పట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకావిడ 'ఇన్నాళ్ళూ ఎక్కడ?' అంది, అంతే. నిన్న సాయంత్రం ఎనిమిదిమందిమి వీడియో కాల్‌లో కలిశాం. మొదట అరగంట అందరం బాగున్నాం అన్నట్టే మాట్లాడాం. అప్పుడు నేను నోటుబుక్ కెమెరా ముందు పెట్టాను.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకతను ఫోన్ తీసి తన నోట్స్ చూపించాడు. అతనివి 31. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తమను ఎందుకు తీసేశారని ఎవరికి వాళ్ళు అనుకుంటున్నారో ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు. ఒకడు మీటింగుల్లో నోరు ఎక్కువని, ఒకామె నోరు తెరవదని. ఒకాయన వయసు మీద పడిందని, ఒక కుర్రాడు చేరి ఏడాది కూడా కాలేదని. ఒకరు ఇంటినుంచి పనిచేస్తూ కనబడకపోవడం వల్లట, ఒకరు రోజూ ఆఫీసుకొచ్చి అందరి కళ్ళలో పడటం వల్లట. ఒకరు మేనేజర్‌తో పడక, ఒకతను మేనేజర్‌కి మరీ దగ్గరివాడని పైవాళ్ళకు అనుమానం వచ్చి.

నోరు తెరవదని చెప్పానే, ఆమె నా 14 విని నమ్మలేదు. ఆ మీటింగ్‌లో ఆమె కూడా ఉంది. 'ఆ లెక్క తప్పని నాకూ తెలుసు. నువ్వైనా అన్నావు, నేను అనలేకపోయాను, అందుకే నన్ను తీసేశారని ఐదు నెలలుగా అనుకుంటున్నాను' అంది. తర్వాత ఇంకో మాట అంది. 'జాబితాలో నీ పేరు చూశాక మరీ దిగాలుపడ్డాను. నిన్నే తీసేస్తే నేనెంత అనుకున్నాను.'

19 ఇంకా కొట్టెయ్యలేదు. కొట్టెయ్యబుద్ధి కాలేదు. దాని పక్కన ఉన్న ఖాళీలో ఆవిడ అన్న మాట, తేదీ వేసి రాసిపెట్టాను. వచ్చే ఆదివారం మళ్ళీ కలుస్తున్నాం. పదముగ్గురు వస్తామన్నారు. ఎవరికి ఎక్కడ ఖాళీలున్నట్టు తెలిస్తే అందరికీ చెప్పాలని ఒక షీట్ మొదలుపెట్టాం. సాఫ్ట్‌వేర్ పాఠాలు అది కొట్టినపిండి అయిన మా టీంవాడే చెబుతానన్నాడు.


తెరవెనక | రాత్రి 10:12

ఆ షీట్‌లో పెట్టదగ్గవి రెండు నా దృష్టిలో ఉన్నాయి. నిజంగా ఖాళీ ఉన్నవే, కనుక్కున్నాను. విడిగా పంపుతాను.


పడవ | రాత్రి 10:35

అది సరే సార్, ఇప్పుడు టైమెంత?


నిద్రపట్టనోడు | రాత్రి 10:38

పడుకుంటున్నానండీ బాబూ.